వాటర్‌ప్రూఫ్ ఫ్లై బాక్సులో తుప్పు ఎందుకు పడుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏప్రిల్ ఆఖరి వారం. న్యూయార్క్ రాష్ట్రంలోని బీవర్‌కిల్ నది మీద మధ్యాహ్నం రెండు దాటాక హెండ్రిక్సన్ అనే పురుగులు నీటిలోంచి లేచే రోజులు. న్యూజెర్సీ నుంచి తెల్లవారుజామున బయలుదేరి ఆ నది ఒడ్డునున్న రాస్కో చేరుకున్న ఒక తెలుగాయన, నేను పనిచేసే ఫ్లై ఫిషింగ్ దుకాణంలోకి వచ్చి కౌంటరు మీద ఫ్లై బాక్సు పెట్టారు. మూత తెరవగానే విషయం అర్థమైంది. చిన్న కొక్కేనికి ఈకలూ బొచ్చూ చుట్టి పురుగులా కట్టిన ఎరనే ఫ్లై అంటాం. నిరుడు మే నెలలో నేనే ఒక్కొక్కటిగా ఏరి ఇచ్చిన ఫ్లైలు అవి. డెబ్బైకి తక్కువ ఉండవు. సగానికి పైగా కొక్కేలు ఇటుక రంగుకు తిరిగిపోయాయి. తెల్లటి ఫోమ్ మీద ప్రతి గాటు చుట్టూ తుప్పు మరక.

"వాటర్‌ప్రూఫ్ బాక్సే కొన్నానండీ. ఒక్కసారి కూడా నీళ్లలో పడెయ్యలేదు. మరి నేను చేసిన తప్పేమిటి?" అని అడిగారు. ఆ గొంతులో బాధ ఉంది. ఒక్కో ఫ్లై మూడు డాలర్ల పైమాటే. ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

తప్పు ఆయనది కాదు. బాక్సు మీద ఉన్న ఆ ఒక్క మాటకు అర్థం ఎవరూ ఆయనకు చెప్పలేదు. అమ్మిన రోజున నేనూ చెప్పలేదు. ప్రతి వసంతంలోనూ ఇలాంటి బాక్సులు నా ముందు తెరుచుకుంటూనే ఉంటాయి, అన్నిటి వెనకా ఒకే నమ్మకం ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. మిగతా అపోహలనూ ప్రస్తావిస్తాను గానీ, డబ్బునూ చేపనూ కలిపి పోగొట్టేది మాత్రం మొదటిదే.

అపోహ: వాటర్‌ప్రూఫ్ బాక్సులో ఉన్న ఫ్లైలకు తుప్పు పట్టదు

వాస్తవం: మూత అంచు చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న బాక్సు బయటి నీటిని లోపలికి రానివ్వదు. అదే పట్టీ లోపలి తడిని బయటికి పోనివ్వదు. ఈ రెండో సగాన్నే అందరూ మరిచిపోతారు.

మన ఇళ్లలో ఆవకాయ జాడీకి వాసెన కట్టి ఎంత భద్రంగా దాచినా, ఎవరో ఒకరు తడి గరిటె పెట్టారంటే జాడీ మొత్తం బూజు పడుతుంది. ఫ్లై బాక్సుదీ అదే కథ. నదిలో గంటసేపు తిరిగిన నింఫ్‌ను (నీటి అడుగున ఉండే పురుగు పిల్లను పోలిన ఫ్లైని) టిప్పెట్ అనే సన్నటి చివరి దారం నుంచి కోసి, రెండుసార్లు విదిలించి, బాక్సులో గుచ్చి మూత వేస్తాం. పైకి ఆరినట్టే కనిపిస్తుంది. కానీ కుందేలు బొచ్చుతో చుట్టిన ఒళ్లు స్పాంజిలా నీటిని పట్టుకుని ఉంటుంది. మారబూ ఈకలతో కట్టిన వూలీ బగ్గర్ అనే ఫ్లై అయితే చెప్పనే అక్కర్లేదు. మధ్యాహ్నం కారులో వేడికి ఆ నీరు ఆవిరవుతుంది. రాత్రి చల్లబడగానే కంటికి కనబడని పొరగా కొక్కేలన్నిటి మీదా చేరుతుంది. తడిసిన ఫ్లై ఒక్కటే అయినా శిక్ష దాని ఇరుగుపొరుగు అంతటికీ పడుతుంది. ఆయన బాక్సులో ఒక్కసారి కూడా నీటిని చూడని కొత్త సల్ఫర్ ఫ్లైలకు కూడా తుప్పు పట్టింది ఇందుకే.

మంచినీటి ఫ్లైలలో ఎక్కువ భాగం కార్బన్ స్టీలు కొక్కేల మీదే కడతారు. పైన ఉండే గోధుమ రంగు పూత చాలా పలచన. రాతికి తగిలినా, చేప పంటికి గీసుకున్నా లేచిపోతుంది. పూత లేచిన చోట తేమ, గాలి రెండూ దొరికితే తుప్పుకు ఇక ముహూర్తం అవసరం లేదు. స్టెయిన్‌లెస్ కొక్కేలు ఉంటాయి, అవి ఎక్కువగా సముద్రపు ఫ్లైలకు వాడతారు. 20వ నంబరు అంత చిన్న కొక్కెం మీద కట్టే డ్రై ఫ్లైకి (నీటి మీద తేలేదానికి) వాటిని వెతుక్కుంటూ తిరగకండి.

మరక పడినంత మాత్రాన ఏమవుతుంది, చేపకు తుప్పు కనిపిస్తుందా అని అడిగేవారున్నారు. చేపకు కనిపించడం సంగతి పక్కన పెట్టండి. తుప్పు మొదట తినేది మొనను. మొన మొద్దుబారితే చేప నోట్లో దిగదు, జారిపోతుంది. ఆ తర్వాత వంపు దగ్గర లోహం బలహీనపడుతుంది, కొక్కెం చుట్టూ ఉన్న దారమూ చీకిపోతుంది. నిరుడు సెప్టెంబరులో డెలావేర్ నది వెస్ట్ బ్రాంచ్ పాయ మీద నేను తీసుకెళ్లిన ఒక అమ్మాయి చక్కటి బ్రౌన్ ట్రౌట్‌ను పట్టింది. వల దాకా వచ్చింది. చివరి మలుపులో పట్టు ఒక్కసారిగా వదులైంది. టిప్పెట్ తెగిందనుకుని ముడి వేయడం చేతకాలేదని తనను తాను తిట్టుకుంది. లాగి చూస్తే ముడి చెక్కుచెదరలేదు. కొక్కెం వంపు దగ్గర విరిగిపోయింది. అంతకు ముందు ఏడాది తడిగా మూసిపెట్టిన బాక్సులోది ఆ ఫ్లై. చేప ఎందుకు పోయిందో తెలియక తమ చేతులనే నిందించుకునేవాళ్లను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. నదిలో ఉన్నంతసేపూ వాడిన ఫ్లైని బాక్సులోకి తిరిగి పంపకండి. చొక్కా మీద చిన్న ఫోమ్ ముక్కో, చిల్లులున్న చిన్న డబ్బాయో ఉంచుకుని వాడినవన్నీ అందులోకే చేర్చండి. గొర్రెతోలు పట్టీ కూడా పనికొస్తుంది. కానీ అదే తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఫ్లైలను రోజుల తరబడి దాని మీదే వదిలేయకూడదు. ఇంటికి రాగానే, అలసట ఎంత ఉన్నా, ఆ రోజు తెరిచిన ప్రతి బాక్సునూ మూత తీసి ఒక రాత్రంతా గదిలో ఉంచండి. వాడిన ఫ్లైలను కాగితం మీద ఆరబోసి మర్నాడు వాటి చోట పెట్టండి. నా ఇంట్లో కిటికీ పక్కన ఒక బల్ల ఈ పనికే ఉంది.

బాక్సు నీళ్లు తాగిందనుకోండి, ఫ్లైలన్నిటినీ బయటికి తీయాల్సిందే. ఫోమ్ గాట్లలో దాక్కున్న నీరు మూత తెరిచి ఉంచినంత మాత్రాన పూర్తిగా పోదు. ఉప్పునీటిలో వాడినవైతే ముందు మంచినీటితో కడిగి తర్వాత ఆరబెట్టండి.

సిలికా జెల్ పొట్లాల గురించి రోజూ అడుగుతారు. మంచివే. అయితే అవి ఆరిన ఫ్లైలకు కాపలా మాత్రమే. తడి ఫ్లైని పెట్టి పక్కన పొట్లం పడేస్తే, అది పీల్చగలిగినంత పీల్చి ఆగిపోతుంది. బాక్సులో చారెడు బియ్యం పోస్తే చాలని ఎవరో ఎక్కడో చెప్పిన మాట ఇప్పుడు చేతులు మారి మారి నా దగ్గరికి వస్తోంది. దయచేసి ఆపండి. బియ్యపు పొడి హ్యాకిల్‌లోకి, అంటే ఫ్లై మెడ చుట్టూ చుట్టిన ఈక పోగుల్లోకి దూరుతుంది, తడి ఎక్కడిదక్కడే ఉంటుంది.

తుప్పు పట్టినవాటిని ఏం చేయాలి? మరక మాత్రమే ఉంటే మొనను గోటి మీద ఆనించి చూడండి. గోటిని పట్టుకుంటే పనికొస్తుంది, జారితే చిన్న ఆకురాయితో సానపట్టవచ్చు. గరుకుగా, పొలుసులుగా లేచి ఉంటే ఆశ వదులుకోండి. ఆ రోజు ఆయనా నేనూ కూర్చుని డెబ్బైలో ముప్ఫై ఒకటి మిగిల్చాం.

ఈ విషయంలో ఇంత పట్టుదల నాకు ఊరికే రాలేదు. నేను ఈ లోయకు కొత్తగా వచ్చినప్పుడు, విల్లోవెమాక్ నది ఒడ్డున ఉండే ఒక పెద్దాయన తన చేత్తో కట్టిన క్విల్ గోర్డన్ అనే డ్రై ఫ్లైలు రెండు డజన్లు ఇచ్చారు. అప్పటికే ఆయన చూపు తగ్గుతోంది, ఇక కట్టలేనని చెప్పి మరీ ఇచ్చారు. రెండు రోజులు వాడాను, మురిసిపోయాను. ఖరీదైన కొత్త బాక్సులో బిగించి పెట్టాను. తరువాతి ఏప్రిల్‌లో తెరిచేసరికి ఐదు మిగిలాయి. ఆయన అప్పటికి లేరు. ఆ ఐదింటినీ నీటిలో వేయలేదు, వేయను కూడా.

అపోహ: డ్రై ఫ్లైలను కూడా ఫోమ్ గాట్లలోనే పెట్టాలి

మా క్యాట్‌స్కిల్ కొండల పద్ధతిలో కట్టిన డ్రై ఫ్లై తోక మీద, హ్యాకిల్ కొనల మీద నిలబడి తేలుతుంది. నెవర్‌సింక్ నది ఒడ్డున బతికిన థియోడోర్ గోర్డన్ అనే ఫ్లైలు కట్టే నిపుణుడికి 1890లో ఇంగ్లండ్ నుంచి డ్రై ఫ్లై రచయిత ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ పంపిన డ్రై ఫ్లైలు ఉత్తరంలో వచ్చాయి. వాటిని ఇక్కడి వడి నీళ్లకు తగ్గట్టు మార్చుకుంటూ ఆయన చేసిన పని నుంచే ఈ పద్ధతి పెరిగింది. ఇక్కడ అంతా హ్యాకిల్ బిరుసు మీదే ఉంది. ఫోమ్‌లో గుచ్చితే కింది పోగులు వంగిపోతాయి, తక్కువ లోతున్న బాక్సు మూత పై పోగులను అణచేస్తుంది. అలాంటి ఫ్లై నీటి మీద ఒక పక్కకు ఒరిగిపోతుంది.

వీటికి లోతైన గదుల బాక్సు కావాలి. గదికి ఏడెనిమిది మించి కుక్కవద్దు. గాలి వీచే రోజున మాత్రం జాగ్రత్త: మూత మొత్తం తెరిస్తే ఒక్క విసురుకు నెల జీతం నదిపాలవుతుంది. గదికొక మూత ఉండేవి అందుకే పుట్టాయి. ఇప్పటికే హ్యాకిల్ వంగిపోయి ఉంటే పారేయకండి. కెటిల్ ముక్కు దగ్గర వచ్చే ఆవిరికి పట్టకారుతో కొన్ని క్షణాలు పట్టుకుంటే పోగులు తిరిగి లేస్తాయి. ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వండి, పైన చెప్పిందంతా ఇక్కడా వర్తిస్తుంది.

నింఫ్‌లకు, చిన్న చేపలను పోలిన స్ట్రీమర్‌లకు ఫోమే మేలు. మరీ చిన్న కొక్కేలకు అయస్కాంతపు బాక్సులు చేతికి హాయిగా ఉంటాయి, కింద పడితే మాత్రం అన్నీ కలగాపులగమవుతాయి.

అపోహ: ఎన్ని ఎక్కువ ఫ్లైలుంటే అన్ని ఎక్కువ చేపలు

లేదు. వేసిన ఫ్లై నీటిలో సహజంగా కొట్టుకుపోతోందా లేదా అన్నది ముందు చూసుకోండి. ఫ్లైలు మార్చుతూ కూర్చున్నంతసేపూ నీటిలో మీ ఫ్లై లేదు.

అపోహ: సర్దడానికి ఒక సరైన పద్ధతి ఉంది

రంగుల వారీగా, అక్షరక్రమంలో, పురుగుల శాస్త్రీయ నామాలతో సర్దిన బాక్సులన్నీ చూశాను. నన్నడిగితే ఫ్లై బాక్సు పోపులపెట్టెలా ఉండాలి. నూనె కాగుతుంటే అమ్మ చెయ్యి చూడకుండానే ఆవాల గిన్నెలోకి వెళుతుంది, ఎందుకంటే ఆవాలు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. చేపలు పురుగుల కోసం నీటి పైకి లేస్తున్న పది నిమిషాల్లో మీ చేతికి కావలసింది అదే.

నేను డ్రై ఫ్లైలను కాలక్రమంలో, అంటే అవి పోలిన పురుగులు నదిలో లేచే వరుసలో పెడతాను. ఎడమ చివర క్విల్ గోర్డన్, పక్కన హెండ్రిక్సన్, ఆపైన మార్చ్ బ్రౌన్, సల్ఫర్, గ్రీన్ డ్రేక్, ఐసోనికియా, వేసవి చివరి ట్రైకోలు, శరదృతువు బ్లూ వింగ్డ్ ఆలివ్‌లు. బాక్సు చూస్తే ఈ లోయ క్యాలెండరు చూసినట్టే. నింఫ్‌లకు ఈ లెక్క పనికిరాదు. వాటిని బరువును బట్టి వరుసల్లో పెడతాను, ఎందుకంటే నీటి లోతు మారినప్పుడు నేను వెతికేది బరువునే. కొలరాడోలోనో మోంటానాలోనో ఉన్నవాళ్లు నా వరుసను అనుకరించవద్దు. మీ నది క్యాలెండరు వేరు.

నదికి తీసుకెళ్లేది ఒకటి రెండు బాక్సులే ఉండాలి. మిగిలిన సరుకు ఇంట్లో పెద్ద డబ్బాలో ఉంచుకుని, వెళ్లే ముందు రోజు రాత్రి ఖాళీ అయిన చోట్లు నింపుకోండి. ఆ ఖాళీలే మీరు ఏం పోగొట్టుకుంటున్నారో, ఏది పనిచేస్తోందో చెబుతాయి.

ఇంట్లో ఉన్న సరుకు గురించి ఒక చిన్న హెచ్చరిక. ఈకలను, బొచ్చును తినే చిమ్మట పురుగులు నిజంగానే వస్తాయి, భయం అబద్ధం కాదు. అయితే ప్లాస్టిక్ బాక్సులో కలరా ఉండలు వేయకండి. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అవి మెత్తబరిచి పాడుచేస్తాయి. గట్టిగా మూసుకునే డబ్బాలో పూర్తిగా ఆరిన ఫ్లైలను పెట్టి, నెలకోసారి తెరిచి చూసుకుంటే సరిపోతుంది.

మరి వాటర్‌ప్రూఫ్ బాక్సు కొనాలా వద్దా అంటే, కొనండి. లోతు నీటిలో కాలు జారి పడ్డ రోజున అది తేలుతూ పోతుంది, లోపలివి పొడిగా ఉంటాయి. మూత లోపల మీ ఫోను నంబరు రాసి పెట్టండి. బీవర్‌కిల్, విల్లోవెమాక్ కలిసే జంక్షన్ పూల్ దిగువన దొరికిన బాక్సులు మా దుకాణానికి చేరుతుంటాయి, నంబరు లేనివి కౌంటరు కింది అరలో ఇప్పటికీ నాలుగు ఉన్నాయి. ఈ ఏడాది వాటి మూతలు తెరిచి ఆరబెట్టి ఉంచాను.