మోడలింగ్‌కు వచ్చే మన సీమ పిల్లలకు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలోనే ఉంటూ పదకొండేళ్లుగా పట్టుచీరలకు, నగలకు మోడలింగ్ చేస్తున్నాను. "అక్కా, పోర్ట్‌ఫోలియోకు డబ్బులు అడుగుతున్నారు, కట్టమంటావా?" అని వారానికి ఒకరైనా ఫోన్ చేస్తారు. పోర్ట్‌ఫోలియో అంటే పని ఇచ్చేవాళ్లకు చూపించే మన ఫొటోల ఆల్బమ్. వాళ్లందరికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ముందు ఖరీదైన పోర్ట్‌ఫోలియో ఉండాలి.

నేనూ ఇదే నమ్మాను. డిగ్రీ అయిపోగానే సిటీలో ఒక ఏజెంటుకు ముప్పై వేలు కట్టాను. అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బు అది. ఫొటోల్లో నా ముఖం మైనం బొమ్మలా, అసలు రంగు కంటే ఎంతో తెల్లగా వచ్చింది. మెడ మీద పుట్టుమచ్చ కూడా చెరిపేశారు. ఆ ఆల్బమ్ చూసి పిలిచిన క్లయింట్, నన్ను ఎదురుగా చూసి "ఫొటోలో ఉన్నది మీరేనా?" అని వెనక్కి పంపేశాడు. చివరికి నాకు మొదటి పని తెచ్చినవి మా మేడ మీద తమ్ముడు ఫోన్‌తో తీసిన ఫొటోలు.

మీరూ అలాగే చేయండి. పొద్దున ఏడు గంటలకు, మన ఎండ ముదరకముందే, సున్నం కొట్టిన గోడ ముందు నిలబడండి. మేకప్ వద్దు, ఫిల్టర్ వద్దు. ఒంటికి సరిపోయే సాదా టీషర్టు, జీన్స్ చాలు. ముఖం దగ్గరగా ఒకటి, నవ్వుతూ ఒకటి, రెండు పక్కల నుంచి, వెనక నుంచి, నిలువెత్తుగా ఒకటి. వీటిని పోలరాయిడ్స్ అంటారు. ఏజెన్సీలు మొదట చూసేవి ఇవే. ఎత్తు, కొలతలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. పోర్ట్‌ఫోలియో మీరు చేసే పనులతోనే పెరుగుతుంది.

అపోహ: ఏజెన్సీకి రిజిస్ట్రేషన్ ఫీజు మామూలే.

కానే కాదు. మంచి ఏజెన్సీ మీకు పని ఇప్పించి, వచ్చిన డబ్బులో కమిషన్ తీసుకుంటుంది. పని ఇవ్వకముందే డిపాజిట్ అడిగితే ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే పంపి మోసపోయి ఉంటే సిగ్గుపడొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆడిషన్ హోటల్ గదిలో అంటే అసలు వెళ్లొద్దు. మొదటి రెండేళ్లు మా అమ్మ ప్రతి షూట్‌కూ వచ్చి కూర్చుంది. మంచి క్లయింట్లు ఎవరూ కాదనలేదు.

అపోహ: తెల్లగా, పొడుగ్గా ఉంటేనే పని.

ర్యాంప్‌కు, అంటే ఫ్యాషన్ షోలో నడవడానికి, ఎత్తు నిజంగానే చూస్తారు: అమ్మాయిలకు సుమారు 5 అడుగుల 8 అంగుళాలు, అబ్బాయిలకు 6 అడుగులు. చీరల కేటలాగ్‌కు, నగలకు అంత పట్టింపు లేదు. నేను 5 అడుగుల 4 అంగుళాలే. ఇక రంగు సంగతి. ఛాయ తక్కువని ఎవరినీ చిన్నబుచ్చేలా ప్రకటనలు ఉండకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమం పెట్టింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. అయినా "ఇంకొంచెం తెల్లమ్మాయి లేదా?" అనే మాట ఇప్పటికీ వింటాను, విన్న ప్రతిసారీ బాధేస్తుంది. చామనఛాయ మీద బంగారు జరీ ఎంత అందంగా కనిపిస్తుందో నేను మానిటర్‌లో రోజూ చూస్తున్నా.

అపోహ: నిలబడి నవ్వితే సరిపోతుంది.

ధర్మవరం పట్టుచీరకు వెడల్పాటి జరీ అంచు, బరువైన కొంగు ఉంటాయి. అలాంటివి ఒక్క రోజులో ఇరవై కట్టాలి. కొనేవాళ్లు ముందు చూసేది అంచునే కాబట్టి, చెయ్యి దాని మీద పడితే ఆ ఫొటో దండగ. కుచ్చిళ్లు విచ్చుకునేలా ఒక కాలు కాస్త ముందుకు పెట్టి, భుజం కదలకుండా ముఖం మాత్రమే తిప్పాలి. ఇంట్లో అద్దం ముందు అమ్మ చీరతో సాధన చేయండి. ఇరవయ్యో చీరకు నడుము లాగేస్తుంటుంది, నవ్వు మాత్రం మొదటి చీరకు ఉన్నట్టే ఉండాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లనే మళ్లీ పిలుస్తారు.

అపోహ: సిటీకి మకాం మార్చాల్సిందే.

మొదట్లో అవసరం లేదు. ధర్మవరం చీరల షాపులు, ప్రొద్దుటూరు బంగారు దుకాణాలు మన పక్కనే ఉన్నాయి. బెంగళూరులో పని దొరికితే బస్సులో వెళ్లి రావచ్చు.

అపోహ: తెలిసినవాళ్లే కదా, ఒప్పందం ఎందుకు?

కేటలాగ్ కోసమని తీసిన నా ఫొటోను ఒక షాపువాళ్లు నాలుగేళ్లు హోర్డింగ్ మీద ఉంచారు. అదనంగా రూపాయి ఇవ్వలేదు. ఏమీ రాసుకోలేదు కాబట్టి గట్టిగా అడగలేకపోయాను. ఇప్పుడు షూట్‌కు ముందురోజే వాట్సాప్‌లో ఇలా పంపుతాను: "ఫొటోలు కేటలాగ్‌కు, ఇన్‌స్టాగ్రామ్‌కు మాత్రమే, ఏడాది పాటు. హోర్డింగ్‌కు వేరే రేటు. సగం అడ్వాన్స్, మిగతాది షూట్ అయిన రోజే." అవతలివాళ్లు "ఓకే" అని పంపాకే బ్యాగు సర్దుకుంటాను.