పెంకుల లెక్కతో టైటాన్ గాలి

"శని చంద్రుడు టైటాన్ గాలిలో మీథేన్ ఐదు శాతం అంటారు. ఎవరు వెళ్ళి చూశారు?" అని ఒక పాఠకుడు అడిగారు. కొంచెం వెటకారం ఉన్నా, అడగవలసిన ప్రశ్నే. మనిషి వెళ్ళలేదు, యంత్రం వెళ్ళింది. 2005 జనవరి 14న హైగెన్స్ శోధక నౌక పారాచూట్లకు వేలాడుతూ దాదాపు రెండున్నర గంటలు దిగింది. దారి పొడవునా గాలి పీల్చి పరీక్షించింది.

అంతకు చాలా ముందే, 1944లో, ఖగోళ శాస్త్రవేత్త కైపర్ టైటాన్ వెలుగులో మీథేన్ మింగేసిన రంగులను పసిగట్టాడు. విచిత్రమేమిటంటే అక్కడ కొద్దిగా ఉన్నది మీథేన్. గాలిలో సింహభాగం నత్రజని. అది ఆ రంగుల జోలికి పోదు కనుక ఆయన కంట పడలేదు. 1980లో వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక పక్కనుంచి వెళ్తే తప్ప దాని సంగతి తేలలేదు.

హైగెన్స్‌లోని మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే అణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కపెట్టే పరికరం, పని తీరు మోటుగా ఉంటుంది. లోపలికి వచ్చిన అణువులను ఎలక్ట్రాన్లతో కొడుతుంది. కొన్ని ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్లవుతాయి, కొన్ని ముక్కలవుతాయి. అవన్నీ నాలుగు కడ్డీల నడుమ ఉన్న దారిలో పడతాయి. కడ్డీలలో వోల్టేజీని ఒక్కో మెట్టుకు మార్చినప్పుడల్లా ఒక్క బరువు అయాన్లే అవతలికి చేరతాయి; మిగిలినవి అదుపు తప్పి పక్కకు పోతాయి. చేరినవాటిని లెక్కపెట్టడమే.

చిక్కు ఇక్కడే. హైడ్రోజన్ పరమాణువు బరువు ఒకటి అనుకుంటే, నత్రజని అణువు బరువు 28. కార్బన్ మోనాక్సైడ్ బరువూ 28. ఈథేన్ ముక్క ఒకటీ 28. ఎవరు ఎవరు?

కుండలు పగిలాయనుకోండి. ఏ రకం కుండ ఏ పెంకులుగా, ఏ పాళ్ళలో పగులుతుందో ముందే ఒక్కోదాన్ని విడిగా పగలగొట్టి రాసి పెట్టుకున్నాం. మీథేన్ కుండ పెంకులు 15, 14, 13, 12; పగలనిది 16. కార్బన్ మోనాక్సైడ్‌వి 12, 16. నత్రజనిది 14. ఇప్పుడు కలగాపులగం కుప్ప ఇచ్చినా, 13 దగ్గర ఎన్ని ఉన్నాయో చూసి మీథేన్ ఎంతో పట్టవచ్చు. 14లో దాని వాటా తీసేస్తే మిగిలింది నత్రజనిది. ఒక దొంగ కుండ కూడా ఉంది: రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న నత్రజని పగలకుండానే సగం బరువు చూపిస్తుంది, 14 దగ్గర తేలుతుంది. యంత్రం చూసేది నిజానికి బరువును కాదు, బరువును విద్యుదావేశంతో భాగిస్తే వచ్చేదాన్ని. బడిలో తండ్రీకొడుకుల వయసు లెక్కలతో సమీకరణాలను చంపే బదులు, ఈ కుప్పను పిల్లల ముందు పోయకూడదా?

వాయువులను ముందే విడదీసే గొట్టాలు కూడా ఆ పరికరంలో ఉన్నాయి. వాటి జోలికి నేను పోను.

పగలని కుండ ఆర్గాన్-40. ఒంటరి పరమాణువు, పగలడానికేమీ లేదు. రాతిలోని పొటాషియం-40 క్షీణిస్తే పుట్టే వాయువది. టైటాన్ రాయి మంచు కింద లోతున ఉంది. గాలిలో ఆర్గాన్-40 దొరికిందంటే, లోపలి వాయువు ఏదో దారిన బయటికి వచ్చిందన్నమాట.

ఇక ఐదు శాతం. అది నేల దగ్గరి మాట. పైన, స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొరలో, ఒకటిన్నర శాతానికి అటూ ఇటూ. చలికి మీథేన్ మధ్యలోనే ద్రవించిపోవడం వల్ల పైకి చేరేది తక్కువ. నౌక నేలను తాకాక మీథేన్ లెక్క ఉన్నట్టుండి దాదాపు 40 శాతం పెరిగింది, నత్రజని మాత్రం కదల్లేదు. గాలి పీల్చే గొట్టం మూతిని వేడిగా ఉంచారు, ఆ వేడికి నేలలోని మీథేన్ ఆవిరై లోపలికి వచ్చింది. మైనస్ 179 డిగ్రీల ఆ నేల మీథేన్‌తో తడిసి ఉంది.