సార్వా, దాళ్వా, సీఎస్ఈ

గోదావరి డెల్టాలో పెద్ద చదువు ఖర్చును ఇప్పటికీ ఎకరాల్లోనే చెప్పుకుంటారు. "పిల్లవాడి ఇంజనీరింగ్‌కు అర ఎకరం పోయింది" అంటే ఎన్ని లక్షలని ఎవరూ గుచ్చి అడగరు. కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) సీటు గిట్టుబాటవుతుందా లేదా అన్న తర్జనభర్జన కౌన్సెలింగ్ రోజుల్లో ప్రతి అరుగు మీదా నడుస్తుంది. ఆ లెక్కకు తీసుకునే కొలబద్ద మాత్రం పాతది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద పంట నిలకడగా చేతికొచ్చింది. మిగులు ఉన్న ఇళ్లు పిల్లలను పట్నాలకు పంపి చదివించాయి. ఇంజనీరింగ్ అంటే చాలాకాలం సివిలే, ఇంజనీరంటే కాలువ గట్టు మీద జీపులో తిరిగే అధికారే. 1946లో మొదలైన ప్రభుత్వ కళాశాల కాకినాడకు పెద్ద గుర్తింపు తెచ్చింది. అక్కడ ఫీజు పెద్ద సమస్య కాదు, సీటు దొరకడమే గగనం. ఆ కొరతలోంచే ప్రైవేటు కళాశాలలు పుట్టాయి. భీమవరంలో 1980లోనే ఒకటి వచ్చింది. ఇక్కడ సీటు దొరకని వారు డొనేషన్ కట్టి కర్ణాటక వెళ్లేవారు. పొలం అమ్మి చదివించడమన్న మాటకు బలం వచ్చింది అప్పుడే.

డొనేషన్లను నిషేధిస్తూ రాష్ట్రం 1983లో చట్టం చేసింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు వృత్తివిద్యా కళాశాలల సీట్లను సగం ఫ్రీ సీట్లుగా, సగం పేమెంటు సీట్లుగా విడదీసింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పుతో ఆ పద్ధతి పోయింది. ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే నేటి కన్వీనర్ కోటా, కళాశాలే నింపుకునే యాజమాన్య కోటా ఆ తర్వాతి ఏర్పాట్లే.

అసలు మలుపు 1990ల చివర వచ్చింది. 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పుతాయన్న భయంతో అమెరికా కంపెనీలకు కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారు వేల సంఖ్యలో కావలసి వచ్చారు. మెకానికల్ చదివినవారూ, సివిల్ చదివినవారూ హైదరాబాద్ అమీర్‌పేటలో కొన్ని నెలలు నేర్చుకుని విమానం ఎక్కారు. అమెరికా హెచ్-1బీ ఉద్యోగ వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1,15,000కు, ఆపైన 2001 నుంచి మూడేళ్లపాటు 1,95,000కు పెంచింది. ఆ డాలర్లు మళ్లీ డెల్టాకే వచ్చి పొలాలయ్యాయి, మేడలయ్యాయి. ఎకరం అమ్మి వెళ్లినవాడు తిరిగొచ్చి నాలుగెకరాలు కొన్న కథ ప్రతి ఊళ్లోనూ ఉంది. 2001లో ఉద్యోగాలు పోయి వెనక్కి వచ్చినవారి కథలు మాత్రం వారి ఇంటి గడప దాటలేదు. మన లెక్క సగం కథల మీదే నిలబడిందని నాకు అనిపిస్తుంది.

2008 ప్రాంతంలో, ఫీజును ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కౌలు రైతుల పిల్లలు, కూలీల పిల్లలు కూడా ఇంజనీరింగ్ గడప తొక్కారు. అది చిన్న మార్పు కాదు. అయితే ఫీజు కనబడకపోయేసరికి ఖర్చే లేదన్న భ్రమ కూడా దాంతోపాటే వచ్చింది. రెండేళ్ల రెసిడెన్షియల్ ఇంటర్, హాస్టలు, లాప్‌టాప్, చదువయ్యాక మళ్లీ కోచింగ్, ఉద్యోగం వెతుక్కునే నెలల్లో నగరంలో అద్దె: ఇవేవీ ఫీజు చీటీలో ఉండవు. ఉమ్మడి రాష్ట్రంలో కళాశాలలు వందల్లోకి పెరిగాయి. కొన్నేళ్లకు సివిల్, మెకానికల్ తరగతులు పలచబడ్డాయి. ఒక బ్రాంచిలో ఇన్నే సీట్లుండాలన్న పరిమితిని 2024లో సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ సడలించడంతో కంప్యూటర్ సీట్లు మరింత పెరిగాయి.

జీతం మాత్రం అలా పెరగలేదు. పెద్ద ఐటీ కంపెనీలు సాధారణ ఫ్రెషర్‌కు ఏడాదికి ఇచ్చేది పదేళ్లకు పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగింది. నెలకు 28,000 వస్తుందనుకుందాం. నాలుగు లక్షల అప్పును 10 శాతం వడ్డీతో ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 6,600 కట్టాలి. చదువుకున్న నాలుగేళ్ల వడ్డీ దానికి అదనం. పైగా 2025 జులైలో టీసీఎస్ పన్నెండు వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామంది. సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది.

అయినా జనం సీఎస్ఈ వైపే ఎందుకు వెళ్తున్నారు? వారు దాన్ని పోల్చేది మెకానికల్‌తో కాదు, సార్వాతో (వానాకాలపు వరి; దాని తర్వాతి రెండో పంట దాళ్వా). 2011లో గిట్టుబాటు లేదని కోనసీమ రైతులు ఆ సార్వానే మానుకుని పంట విరామం ప్రకటించారు. కౌలు బస్తాలు కొలిచిచ్చాక ఏమీ మిగలని ఇంటికి నెలనెలా వచ్చే 28,000 చిన్న సొమ్ము కాదు. నా ఉద్దేశంలో వారి లెక్క తప్పు కాదు.

తప్పు జరుగుతున్నది భూమి అమ్మేవారి దగ్గర. డాలర్ల రాకతో, రొయ్యల చెరువుల లీజులతో ఎకరం విలువ ఎంతో పెరిగింది. తండ్రి తరం అమ్మిన అర ఎకరం, ఈ తరం అమ్మే అర ఎకరం ఒకటి కావు. మొదటి జీతమేమో దాదాపు అక్కడే ఉంది.

యాజమాన్య కోటాకు రీయింబర్స్‌మెంట్ లేదు. అందుకే ఒకే బెంచీ మీద ఒకరి ఫీజు ప్రభుత్వం కడుతుంది, పక్కవాడి ఫీజు చెరువు గట్టు పక్క చేను కడుతుంది. క్యాంపస్ ఎంపికల్లో ఇద్దరూ నెగ్గితే, చేతికొచ్చే ఆఫర్ లెటర్‌లో అంకె ఒకటే.