'ఊపిరి' చూసి అటెండెంట్ పనిని అంచనా వేస్తే: అపోహలు - వాస్తవాలు

మెడ కింద చచ్చుబడ్డ మనిషి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలోపే చుట్టాల్లో ఎవరో ఒకరు అంటారు, "'ఊపిరి'లో కార్తి లాంటోడు ఒకడు దొరికితే చాలు" అని. మెడ కింద కదల్లేని నాగార్జునను కార్తి చూసుకునే 2016 నాటి ఆ సినిమాకు మూలం 2011లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా. దాని వెనక నిజంగా ఇద్దరు మనుషులున్నారు. ఫిలిప్ పోజో ది బోర్గో అనే సంపన్నుడు 1993లో పారాగ్లైడింగ్ చేస్తూ పడి, మెడ కింద చచ్చుబడ్డాడు. ఆయన్ను చూసుకున్నది అబ్దెల్ సెల్లూ. నల్లగొండ, పాలమూరు వైపు గాల్లో ఎగిరి పడేవాళ్లు లేరు గానీ, తాటిచెట్టు మీంచి జారే గీత కార్మికులున్నారు, 65వ నంబరు హైవే మీద బండితో సహా పల్టీ కొట్టే పిల్లలున్నారు. దెబ్బ మాత్రం అదే.

అపోహ: చెట్టు మీంచి పడ్డోణ్ని లేపి కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, ఆటోలో వేసుకుని పోవాలె.

వాస్తవం: లేపొద్దు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండాలి. ఒకరు తలను రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకుని, 108 వాళ్లు వచ్చేదాకా వదలకూడదు. మడిచి ఆటోలో కుక్కితే వెన్నుపాములో మిగిలున్నది కూడా నలుగుతుంది.

అపోహ: మనసు మంచిదైతే చాలు, పని అదే వస్తది.

వాస్తవం: సినిమాలో అది చెల్లుతుంది, రెండున్నర గంటల్లో ఎవరికీ పుండు పడదు కాబట్టి. ఇంట్లో రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి రెండింటికైనా సరే. వీల్‌చైర్‌లో ఉంటే అరగంటకోసారి ముందుకు వంచి, రెండు నిమిషాలు పిరుదుల మీద బరువు తీసేయాలి. నులక మంచం అసలు వద్దు. మధ్యలో దిగబడి బరువంతా తుంటి మీదే పడుతుంది. రోజూ స్నానమప్పుడు వెన్ను చివర, తుంటి, మడమలు చూడాలి. ఎర్రమచ్చను వేలితో నొక్కితే పాలిపోయి మళ్లీ రంగు రావాలి. నొక్కినా మారకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు, కాబట్టి అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో చూడాలి. ఆ చోట మర్దన చేయొద్దు, లోపల కండ ఇంకా చితుకుతుంది.

అపోహ: స్పర్శే లేనప్పుడు ఇంకేం భయం?

వాస్తవం: ఫ్రెంచ్ సినిమాలో కుర్చీలోని ఆయనకు కాలి మీద వేడి టీ పోసినా తెలియదు, హాలంతా నవ్వుతుంది. ఇంట్లో అది బొబ్బలు తేలి నెలలు పట్టే గాయం. వేడినీళ్ల సంచి, ఎండలో కాలిన వీల్‌చైర్ కాలిపలక, అన్నీ అంతే. పైగా దెబ్బ కింది భాగానికి చెమట సరిగా పట్టదు. నల్లగొండ మే నెల ఎండకు ఒళ్లు చల్లబడే దారే ఉండదు. తడిగుడ్డ, నీళ్ల స్ప్రే, ఫ్యాను దగ్గరుంచాలి.

అపోహ: తలనొప్పి అంటే మాత్ర వేసి పడుకోబెట్టాలె.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదమైన అపోహ ఇదే. మెడ దగ్గరో, ఛాతీ పైభాగంలోనో వెన్ను దెబ్బతిన్నవాళ్లకు బీపీ మామూలుగానే తక్కువ, పైది 90-100 ఉంటుంది. ఒక్కసారిగా తల పగిలేలా నొప్పి, ముఖం ఎర్రబడటం, మెడ పైన చెమటలు వస్తే బీపీ ఎగబాకుతోందని అర్థం. పడుకోబెడితే ఇంకా పెరుగుతుంది. వెంటనే నిటారుగా కూర్చోబెట్టాలి, కాళ్లు కిందికి వదలాలి, బెల్టు, బిగుతు బట్టలు విప్పాలి. తర్వాత యూరిన్ పైపు మడత పడిందా, బ్యాగు నిండిందా చూడాలి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది, తొడ కింద నలిగిన పైపు రూపంలో. లేదంటే మలబద్ధకం, గోరు లోపలికి దిగడం, చెప్పులో రాయి. అయినా తగ్గకపోతే ఆస్పత్రికి పోవాల్సిందే, కూర్చోబెట్టే తీసుకెళ్లాలి.

అపోహ: జాలి చూపొద్దంటే జాగ్రత్తలు కూడా వద్దని.

వాస్తవం: చేతులు లేవవని మరిచిపోయి ఫోను అందించే మనిషే సినిమాలో కుర్చీలోని ఆయనకు నచ్చుతాడు, సినిమా పట్టుకున్న గొప్ప విషయం అది. కానీ పొరపాటున ఫోను అందించడం వేరు, పైపు ఎప్పుడూ ఉంచుకోని వాళ్లకు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి పెట్టి తీయాల్సిన యూరిన్ పైపును మరిచిపోవడం వేరు. "అన్నకు ఏం కావాలె?" అని పక్కవాళ్లను అడగడం మానేసి, అన్ననే అడగండి. అడగకుండా కుర్చీ నెట్టొద్దు.

అపోహ: దోస్తీ కుదిరాక జీతం లెక్కలేంది?

వాస్తవం: మలం తీసేది, రాత్రి లేచేది ఆ అటెండెంట్ పిల్లగాడే. టీ మాత్రం వేరే గ్లాసులో, అరుగు మీద. ఇది చాలా ఇళ్లలో కనబడేదే. ముందు ఆ గ్లాసు మార్చండి. పని గంటలు, వారంలో ఒకరోజు సెలవు, రాత్రి డ్యూటీకి ఇంకో మనిషి, అన్నీ మొదటి రోజే మాట్లాడుకోవాలి. ఒక్కడే ఇరవై నాలుగ్గంటలూ చేస్తే నెల తిరిగేసరికి అతని నడుమే పోతుంది, తెల్లవారుజామున పక్క మార్చడం తప్పుతుంది.

అపోహ: కోట్లు లేకుంటే బయటి తిరుగుడు కుదరదు.

వాస్తవం: ముందు కావాల్సింది ర్యాంపు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్క. అరుగు అడుగున్నర ఉంటే 18 అడుగులు, మధ్యలో మలుపు పెట్టుకోవచ్చు. వెడల్పు కనీసం మూడున్నర అడుగులు. వాకిలి చాలదని నిటారుగా సిమెంటు పోస్తే దిగేటప్పుడు కుర్చీ చేయి జారుతుంది. తలుపు కడప దగ్గర కూడా చిన్న చెక్క వాలు పెట్టండి, లేకుంటే ముందు చక్రాలు అక్కడే ఇరుక్కుంటాయి.