ప్లేట్‌లెట్‌ను పట్టుకున్న యాంటీబాడీని కొలిచేదెలా?

వానాకాలం డెంగీ జ్వరాలు మొదలైతే నెల్లూరు పొగతోటలోని ల్యాబుల ముందు అందరిదీ ఒకటే ప్రశ్న: "కౌంట్ ఎంతకొచ్చింది?" డెంగీలో తగ్గిన ప్లేట్‌లెట్లు సాధారణంగా కొద్దిరోజుల్లో వాటంతటవే పుంజుకుంటాయి. కానీ కొందరికి జ్వరం ఉండదు, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు వస్తాయి, లక్షన్నర పైన ఉండాల్సిన కౌంట్ ఇరవై వేలు కూడా దాటదు. అప్పుడు డాక్టర్లు అనుమానించే జబ్బుల్లో ముఖ్యమైనది ఐటీపీ. ఇందులో శరీరం తన ప్లేట్‌లెట్ల మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది.

1950లో అమెరికాలో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టరు ఐటీపీ రోగి రక్తాన్ని తనకే ఎక్కించుకున్నారు. కొన్ని గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయాయి. జబ్బుకు కారణం రోగి రక్తంలోనే తిరుగుతోందని అలా తెలిసింది. ఆ ధైర్యానికి దణ్ణం పెట్టాల్సిందే.

అయితే ఆ యాంటీబాడీని కొలవడం అంత తేలిక కాలేదు. 1970ల్లో ప్లేట్‌లెట్‌లో ఉన్న ఐజీజీ (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకం) మొత్తాన్నీ కొలిచి చూశారు. చిక్కేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న ప్లేట్‌లెట్ కూడా లోపలి రేణువుల్లో ఐజీజీని దాచుకుంటుంది. దాంతో వేరే కారణాలతో కౌంట్ తగ్గినవాళ్లలోనూ ఫలితం ఎక్కువే వచ్చేది.

1987లో జర్మనీలో ఫోల్కర్ కీఫెల్ బృందం తెచ్చిన 'మైపా' పద్ధతి ఈ చిక్కు విప్పింది. రోగి సీరంను, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, ఆరోగ్యవంతుల ప్లేట్‌లెట్లతో కలుపుతారు. ప్లేట్‌లెట్ పైన ఉండే జీపీ 2బీ-3ఏ లాంటి ఒక్క ప్రొటీన్‌నే పట్టుకునే ఎలుక యాంటీబాడీని కూడా చేరుస్తారు. కడిగి, డిటర్జెంట్‌తో ప్లేట్‌లెట్‌ను కరిగిస్తారు. ఎలుక యాంటీబాడీని పట్టి ఉంచే పూత పూసిన ప్లాస్టిక్ గుంటలో ఆ ద్రవాన్ని పోస్తారు. ఎలుక యాంటీబాడీ, దానితోపాటు ఆ ప్రొటీన్, ప్రొటీన్‌కు అంటుకున్న రోగి యాంటీబాడీ గుంటలో నిలిచిపోతాయి. రేణువుల్లోని ఐజీజీ కడిగినప్పుడు పోతుంది. చివర్లో మనిషి యాంటీబాడీని పట్టుకుని రంగు తేల్చే మందు పోస్తారు. రంగు తేలితే రోగి యాంటీబాడీ ఉన్నట్టు. ఎంత చిక్కగా తేలితే అంత ఎక్కువ.

పాజిటివ్ వస్తే చాలావరకు నమ్మొచ్చు. నెగటివ్ వస్తే మాత్రం ఐటీపీ లేదనుకోకూడదు, ఎందుకంటే రోగి సొంత ప్లేట్‌లెట్ల మీద చేసినా దాదాపు సగంమందిలోనే ఇది దొరుకుతుంది. పైగా అలా చేయాలంటే రక్తం తాజాగా ఉండాలి, అసలే తక్కువున్న ప్లేట్‌లెట్లు సరిపడా దొరకాలి. అందుకే మామూలు ల్యాబుల్లో ఇది చేయరు.

అంతదాకా వెళ్లేముందు "స్లైడ్ చూశారా?" అని, అంటే రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూశారా అని, ల్యాబులో తప్పక అడగండి. కొందరి రక్తంలోని యాంటీబాడీలు ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్ల మాత్రమే ప్లేట్‌లెట్లను గుంపులుగా అతికిస్తాయి. మెషిన్ వాటిని లెక్కపెట్టలేక కౌంట్ తక్కువ చూపిస్తుంది. నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీస్తే చాలాసార్లు అదే మనిషికి కౌంట్ మామూలుగా వస్తుంది.