కోర్టు ఆవరణలో కూర్చున్నవాళ్లంతా కోర్టు కాదు

పోయిన నెల చిత్తూరు కోర్టు ఆవరణలో ఒక పెద్దాయన నా బల్ల ముందు కూర్చుని, ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి బయటికి తీశాడు. చిరిగిపోతుందేమో అన్నట్టు మెల్లగా విప్పి, పై మూలనున్న గుండ్రటి ముద్ర మీద వేలు పెట్టాడు.

"చూడండి మేడమ్, అందిందని ముద్ర కూడా వేసిచ్చారు. మరి కోర్టు అమీను మా ఇంటికి ఎందుకు వచ్చినట్టు?"

ఇదే ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ముద్ర మారుతుంది, ఊరు మారుతుంది, ప్రశ్న మాత్రం మారదు. న్యాయ సేవాధికార సంస్థ ఫ్రంట్ ఆఫీసులో కూర్చుని ఉచితంగా సలహా చెప్పే లాయర్లలో నేనూ ఒకదాన్ని. మా బల్ల చుట్టూ తిరిగే అపోహలు చాలా ఉన్నాయి. కొన్ని నవ్వొచ్చేవి, కొన్ని విసుగొచ్చేవి. కానీ పొలాలూ ఇళ్లూ పోగొట్టే అపోహ ఒకటే: ఎక్కడో ఒకచోట అర్జీ ఇస్తే కోర్టులో జవాబు చెప్పుకున్నట్టే అనుకోవడం.

ఆ పెద్దాయనది బంగారుపాళెం వైపు. నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. అప్పు తీర్చేశాడు గానీ ప్రోనోటు వెనక్కి తీసుకోలేదు. అప్పిచ్చిన మనిషి దావా వేశాడు. సమన్లు వచ్చాయి, దావా నకలూ వచ్చింది. ఈయన భయపడలేదు, నిర్లక్ష్యమూ చేయలేదు. జిరాక్సు షాపులో ఒక కుర్రాడి చేత "నేను బాకీ తీర్చేశాను, విచారించి న్యాయం చేయగలరు" అని అర్జీ రాయించుకుని, పట్నానికి వచ్చి ఒక ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని, బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాడు. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. అది ఆ దావా నడుస్తున్న కోర్టు కాదు, అంతే.

వాయిదా రోజున కోర్టులో ఆయన పేరు మూడుసార్లు పిలిచారు. పలికేవాళ్లు లేరు. ఎక్స్‌పార్టీ, అంటే ప్రతివాది రాలేదు, అని కేసు ఫైలులో ఒక ముక్క రాశారు. తర్వాత వాది ఒక్కడే సాక్ష్యం చెప్పుకున్నాడు, డిక్రీ వచ్చింది, దాన్ని అమలు చేయమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషను) పడింది, అమలు చేసే అమీను బయలుదేరాడు. ఇంత జరుగుతున్నా ఆ ముద్ర కాగితం ఇంట్లో దేవుడి పటం వెనక భద్రంగానే ఉంది.

చాలామందికి అర్థం కానిది ఇక్కడే. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ, పోలీసు స్టేషనులో ఇచ్చిన ఫిర్యాదు, ఎమ్మెల్యే గారి ఇంట్లో ఇచ్చిన వినతిపత్రం ఆ దావా ఫైలులోకి వాటంతట అవి వెళ్లి చేరవు. జడ్జి గారి కంటపడేది ఆ ఫైలులో ఉన్నదే. చివరికి మా ఫ్రంట్ ఆఫీసులో ఉచిత లాయరు కావాలని పెట్టిన దరఖాస్తు కూడా అంతే. అది లాయరు కోసం దరఖాస్తు. దావాకు జవాబు కాదు, హాజరూ కాదు. గడువు నా బల్ల దగ్గర ఆగదు.

హాజరు అంటే రెండే. మీ తరఫున లాయరు వకాలత్ మీద స్టాంపులు అంటించి ఆ కోర్టులో దాఖలు చేయాలి. లేదా పేరు పిలిచినప్పుడు మీరే లేచి నిలబడాలి. మేము లాయరును నియమించేలోపే వాయిదా వచ్చేస్తే ఏం చేయాలని అడుగుతారు. వెళ్లండి. "అయ్యా, న్యాయ సేవా సంస్థలో దరఖాస్తు పెట్టుకున్నాను, లాయరు వచ్చేదాకా టైము ఇప్పించండి" అని చెప్పండి. దరఖాస్తు నకలు చేతిలో ఉంచుకోండి. ఈ రెండు ముక్కలు చెప్పడానికి చదువు అక్కర్లేదు. కోర్టులో నోరు విప్పితే జైల్లో వేస్తారని ఎవరు పుట్టించారో గానీ, ఆ పుకారు వల్ల ఎందరో గుమ్మం దాకా వచ్చి చెట్టు కిందే నిలబడిపోయారు.

సమన్లు అందాక జవాబు దావా వేయడానికి 30 రోజులు. కారణం చూపి అడిగితే 90 రోజుల దాకా ఇస్తారు. ఆ తర్వాత కోర్టు దయ. మధ్యలో ఎక్స్‌పార్టీ అయినా అంతా అయిపోయిందని గుండెలు బాదుకోవద్దు. డిక్రీ రాకముందే వచ్చి, ఎందుకు రాలేకపోయారో చెప్పి పిటిషను వేస్తే మళ్లీ లోపలికి రావచ్చు. డిక్రీ వచ్చేసిందా, దాన్ని రద్దు చేయమని అడగడానికి 30 రోజులుంటాయి. సమన్లు మీకు సరిగా అందనే లేదంటే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. అందాయంటే డిక్రీ తేదీ నుంచే లెక్క. ఆ రోజులూ దాటితే ఆలస్యాన్ని మన్నించమని మరో పిటిషను. ఈపీ ఆగాలంటే స్టే కోసం ఇంకొకటి. ఒక్క ఉదయం కోర్టుకు వెళ్లి ఉంటే తప్పిపోయే పనికి ఇన్ని కాగితాలు.

చెక్కు బౌన్సు కేసయితే పరిస్థితి ఇంకా ఘోరం. అది క్రిమినల్ కేసు. సమన్లు అందుకుని రాకపోతే వారంటు వస్తుంది. "అర్జీ ఇచ్చాను సార్" అని కానిస్టేబులుకు చెప్పుకోవాల్సి వస్తుంది.

గడువు విషయంలో నేను ఎవరినీ తిట్టను. ఎందుకంటే జూనియరుగా ఉన్నప్పుడు నేనూ ఇదే పాఠం నేర్చుకున్నాను. తిరుపతిలో ఒక అప్పీలు కోసం తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టమని మా సీనియరు పంపారు. పెట్టి వచ్చాను. కాపీ తయారయ్యేదాకా పట్టే రోజులు అప్పీలు గడువులోంచి తీసేస్తారని పుస్తకంలో చదివాను కదా, హాయిగా ఉన్నాను. తీరిగ్గా వెళ్లి చూస్తే, రుసుము కట్టమని నోటీసు బోర్డు మీద జాబితా పెట్టి తొమ్మిది రోజులయింది. కాపీ వచ్చాక మా సీనియరు ఏమీ అనలేదు. దాన్ని తిప్పి, అక్కడున్న తేదీల వరస మీద పెన్సిలు ఆనించారు: దరఖాస్తు పెట్టిన తేదీ, రుసుము కోరిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. రెండో తేదీకీ మూడో తేదీకీ మధ్య సన్నటి గీత గీసి, "ఈ తొమ్మిదీ నీవి" అన్నారు. వాటిని గడువులోంచి తీసేయరు. కాపీ సిద్ధమయ్యాక తీసుకోకుండా కూర్చున్న రోజులూ అంతే. ఆ అప్పీలుకు ఆలస్యం పిటిషను వేయాల్సి వచ్చింది, అఫిడవిట్ నేనే రాశాను. జిల్లా కోర్టుకు సివిల్ అప్పీలు 30 రోజులు, హైకోర్టుకు 90. శిక్ష పడినవాళ్లు సెషన్స్ కోర్టుకు వెళ్లడానికి 30. ఈ మూడూ నాకు నిద్రలో అడిగినా వస్తాయి. ఆ పెన్సిలు గీత పుణ్యం.

ఇక మిగిలిన అపోహలు గబగబా చెప్పేస్తాను.

"మేడమ్, మీరు లోపలే ఉంటారు కదా, జడ్జి గారి చెవిన వేయండి." వేయను. వేయకూడదు. నేను కోర్టు ఆవరణలో కూర్చుంటాను గానీ కోర్టులో భాగం కాదు. నేను చూసేది మూడే: మీ చేతిలో ఉన్న కాగితం ఏమిటి, ఏ కోర్టు, ఏ తేదీ. జిల్లా జడ్జి గారు మా సంస్థకు చైర్మన్ కాబట్టి మా దగ్గర చెప్పింది ఆయనకు చెప్పినట్టేనని కొందరి లెక్క. మా కార్యదర్శి గారూ న్యాయాధికారే. కానీ ఆ హోదాలో ఆయన మీ దావా వినరు, తీర్పు రాయరు. బెంచి గుమస్తా జడ్జి గారి ముందే కూర్చుంటాడు కాబట్టి చట్టం ఆయనే చెబుతాడనీ కొందరి నమ్మకం. ఆయన పిలిచేది కేసు నంబరు, రాసేది వాయిదా తేదీ. ఇంగ్లండ్‌లో మేజిస్ట్రేట్లు చాలావరకు లా చదవని మామూలు పౌరులు. అందుకని కోర్టు ఉద్యోగిగా ఉండే న్యాయ సలహాదారు ఒకరు వాళ్ల ముందే కూర్చుని చట్టం ఏమంటుందో చెబుతారు. అక్కడ కూడా నేరం చేశాడా లేదా అన్నది తేల్చేది మేజిస్ట్రేట్లే. మన దగ్గర మేజిస్ట్రేట్లు లా చదివి, పరీక్ష రాసి వచ్చినవాళ్లు. పక్కన కూర్చుని చెప్పే మనిషి లేడు, కాబట్టి ఆ మనిషి నేనూ కాదు. ఆవరణలో ఎవరైనా "లోపల మాట్లాడతాను, కొంచెం ఖర్చవుతుంది" అంటే డబ్బు ఇవ్వకండి, అతని పేరు రాసుకోండి.

ఉచిత లాయరు ప్రభుత్వ మనిషి, పోలీసుల వైపే మాట్లాడతాడన్నది ఇంకొకటి. ప్రాసిక్యూటరు వేరు, వీళ్లు వేరు. 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తెచ్చిన డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని పూర్తికాలపు లాయర్లు ఉంటారు. వాళ్లు ప్రైవేటు కేసులు పట్టకూడదు. వాళ్ల పనంతా క్రిమినల్ కేసుల్లో నిందితుల తరఫున నిలబడటమే. సివిల్ కేసులకు ప్యానెల్ లాయర్లున్నారు, వాళ్ల పారితోషికం సంస్థ ఇస్తుంది. మీ దగ్గర బస్సు చార్జీలని చెప్పి యాభై అడిగినా అది తప్పే, వచ్చి చెప్పండి. ఇక పనితనం అంటారా, బాగా పనిచేసేవాళ్లూ ఉన్నారు, చేయనివాళ్లూ ఉన్నారు. ఫీజు తీసుకునేవాళ్లలోనూ అంతే. లాయరు పట్టించుకోకపోతే మార్చమని అడగవచ్చు.

ఉచిత సాయం కటిక పేదలకేనని అనుకుని ఎంతమంది ఆడవాళ్లు వెనక్కి పోయారో. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షను మహిళలకు ఆదాయ పరిమితి పెట్టలేదు. పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకూ లేదు. మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల పరిమితి అన్నది ఈ వర్గాల్లోకి రానివారికి. ఒక టీచరమ్మ భరణం కేసు కోసం వచ్చి, జీతం స్లిప్పు చేతిలో నలుపుతూ, "నాలాంటిదానికి ఇస్తారా, సిగ్గుగా ఉంది" అంది. జీతం ఆమెదే గానీ ఏటీఎం కార్డు ఇంకొకరి జేబులో ఉంది. ఆ స్లిప్పు నేను చూడనేలేదు. ఇంట్లోంచి కదలలేనివాళ్లు 15100కు ఫోను చేయవచ్చు.

లోక్ అదాలత్‌లో రాజీ పడి, నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చన్నది తప్పు. అక్కడ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పెండింగ్ దావా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారన్నది మాత్రం నిజమే. కాబట్టి సంతకానికి ముందు చదివించుకోండి, ఎవరు తొందరపెట్టినా సరే. రాజీ ఇష్టం లేకపోతే లేచి రావచ్చు, కేసు యథాస్థానానికి వెళ్తుంది. అలా లేచి వచ్చినందుకు జడ్జి గారు కోపం పెట్టుకుంటారన్నది ఉత్త మాట.

2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయింది కాబట్టి చిత్తూరులో ఉన్న తమ కేసు అక్కడికి వెళ్లిపోయి ఉంటుందని వాయిదాలు మానేసినవాళ్లనూ చూశాను. రెవెన్యూ జిల్లా గీత మారినంత మాత్రాన కేసు కాళ్లొచ్చి నడిచిపోదు. బదిలీ ఉత్తర్వు ఉంటేనే మారుతుంది. అనుమానం ఉంటే ఈకోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ ఉండే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొట్టండి, ఏ కోర్టో, ఏ వాయిదానో కనిపిస్తుంది. కొట్టడం రాకపోతే సమన్ల కాగితం పట్టుకుని రండి, నేను కొడతాను.

ఆ పెద్దాయన సంగతి చెప్పాలి. డిక్రీ రద్దుకు, ఆలస్యం మన్నింపుకు, ఈపీ స్టేకు, మూడు పిటిషన్లూ వేశాం. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని కోర్టు అడుగుతుంది కదా, దానికి జతపరిచేందుకు ఏముందా అని వెతికితే ఆ ముద్ర కాగితమే దొరికింది. జవాబు దావాగా అది ఎందుకూ పనికిరాలేదు. ఈయన ఊరికే కూర్చోలేదు, దారి తెలియక తిరిగాడు అని చూపడానికి మాత్రం అదొక్కటే ఆధారం. అసలు కాగితం ఇవ్వమంటే కవరు గుండెకు హత్తుకున్నాడు. "మళ్లీ ఇస్తారు కదా మేడమ్?" అని రెండుసార్లు అడిగాడు. జిరాక్సు తీయించి చేతికిచ్చాక గానీ వదల్లేదు.

వాయిదా వచ్చే మంగళవారం. కోర్టు హాలు ఎక్కడో, పేరు పిలిస్తే ఎక్కడ నిలబడాలో తీసుకెళ్లి చూపించాను. పదిన్నరకు వస్తే చాలన్నాను. తొలి బస్సుకే వస్తానన్నాడు.