ప్రోటాన్ సీసాన్ని ఢీకొన్నప్పుడు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్లల కోసం ఇది. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి.

అపోహ: సీసం కేంద్రకంలో 208 న్యూక్లియాన్లు (ప్రోటాన్లు, న్యూట్రాన్లు) ఉన్నాయి కాబట్టి కణాలూ 208 రెట్లు పుడతాయి.
ప్రోటాన్ తన దారిలో ఉన్నవాటినే తాకుతుంది. సెర్న్‌లోని భారీ కణ త్వరణ యంత్రం ఎల్‌హెచ్‌సీలో 5.02 టీఈవీ (ఒక టీఈవీ అంటే లక్ష కోట్ల ఎలక్ట్రాన్-వోల్టులు) శక్తి దగ్గర ప్రోటాన్-ప్రోటాన్ ఇనెలాస్టిక్ క్రాస్ సెక్షన్ (కొత్త కణాలు పుట్టే తాకిడి అవకాశాన్ని చెప్పే వైశాల్యం) సుమారు 70 మిల్లీబార్న్‌లు, ప్రోటాన్-సీసానిది సుమారు 2,100. 208ని 70తో గుణించి 2,100తో భాగిస్తే సగటున 6.9 తాకిళ్లు. అంతే.

అపోహ: పుట్టిన ప్రతి కణమూ కేంద్రకం లోపలే మళ్లీ ఢీకొని కొత్తవాటిని పుట్టిస్తుంది.
అన్నిట్లోకీ మొండి అపోహ ఇది. కణం పూర్తిగా రూపు కట్టడానికి, దాని సొంత గడియారం ప్రకారం, కాంతి సుమారు 1 ఫెర్మీ (మీటరులో వెయ్యి లక్షల కోట్లో వంతు, దాదాపు ప్రోటాన్ సైజు) దూరం వెళ్లేంత సమయం పడుతుంది. సీసం కదలకుండా ఉన్నట్టు చూస్తే, 10 జీఈవీ (జీఈవీ అంటే టీఈవీలో వెయ్యో వంతు) శక్తి గల తేలికైన కణం పయాన్‌కు లోరెంజ్ గుణకం (దాని గడియారం మనకు ఎన్ని రెట్లు నెమ్మదిగా కనిపిస్తుందో చెప్పేది; శక్తిని ద్రవ్యరాశితో భాగిస్తే వస్తుంది) 10/0.14, అంటే 71. అది రూపు కట్టేసరికి దాదాపు 71 ఫెర్మీలు దాటిపోతుంది. కేంద్రకం వ్యాసమేమో 14 ఫెర్మీలే! నెమ్మదిగా కదిలే కణాల విషయంలో మాత్రం లోపలి తాకిళ్లు నిజమే. 1970లలో ఫెర్మీల్యాబ్‌లో విట్ బుసా బృందం కొలిచినప్పుడు కూడా కణాల సంఖ్య తాకిళ్లతో సమానంగా పెరగలేదు. తాకిళ్ల సంఖ్యకు ఒకటి కలిపి సగం చేస్తే ఎంతో, ప్రోటాన్-ప్రోటాన్ తాకిడి కన్నా దాదాపు అన్ని రెట్లే పెరిగింది.

అపోహ: కేంద్రక సవరణ గుణకం 1 కన్నా తగ్గితే కేంద్రకం కణాలను మింగేసినట్టే.
ఈ గుణకంలో లవం ప్రోటాన్-సీసం తాకిడిలో పుట్టిన కణాల దిగుబడి, హారం ప్రోటాన్-ప్రోటాన్ దిగుబడికి 6.9 రెట్లు. తక్కువ ద్రవ్యవేగం గల కణాలు బుసా లెక్కలో పుడితే (6.9+1)/2, అంటే 3.95 రెట్లు. దాన్ని 6.9తో భాగించండి: 0.57. ఏ కణమూ మాయం కాకుండానే గుణకం తగ్గింది. స్థిర లక్ష్య ప్రయోగాల్లో కొన్ని జీఈవీల దగ్గర అది 1 దాటుతుంది కూడా. దాన్నే క్రోనిన్ ప్రభావం అంటారు. ప్రోటాన్ వెళ్లే దిశలో జే/సై (చార్మ్ క్వార్క్, దాని ప్రతికణం జతకట్టిన కణం) తగ్గడానికి మాత్రం సీసంలోని తక్కువ ద్రవ్యవేగపు గ్లూవాన్ల (క్వార్క్‌లను కలిపి ఉంచే కణాల) కొరత ఒక ముఖ్య కారణం.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ప్రోటాన్ బీమ్ 4 టీఈవీ, సీసం బీమ్ న్యూక్లియాన్‌కు 1.58 టీఈవీ. అందువల్ల ద్రవ్యకేంద్రం ర్యాపిడిటీలో (బీమ్ దిశలో వేగాన్ని చెప్పే కొలతలో) 0.465 మేర ప్రోటాన్ దిశకు జరుగుతుంది. అది సరిచేయకుండా ముందు, వెనక దిశలను పోల్చకూడదు.

అపోహ: ఇక్కడ ఉన్నవన్నీ చల్లని పదార్థపు ప్రభావాలే (అంటే తాకిడిలో పుట్టిన కణాల గుంపు వల్ల కాక, మామూలు కేంద్రకం వల్లే వచ్చేవి).
2012 సీసం-ప్రోటాన్ డేటాలోనే ఎల్‌హెచ్‌సీలోని సీఎంఎస్ ప్రయోగానికి, దిశలో ఒకదానికొకటి దూరంగా ఉన్న కణాల మధ్య కూడా పొందిక కనిపించింది. జే/సై కన్నా, అదే జంట ఎక్కువ శక్తి స్థితిలో ఉండే సై(2ఎస్) ఎక్కువగా తగ్గుతోంది. రెండూ ఇంచుమించు అవే గ్లూవాన్ల నుంచి పుడతాయి కాబట్టి గ్లూవాన్ కొరత ఈ తేడాను చెప్పలేదు. సై(2ఎస్) బంధం బాగా బలహీనం. వెంట వచ్చే కణాల గుంపు దాన్ని విడగొడుతోందనేది గట్టిగా నిలుస్తున్న వివరణ.